నీళ్ళగదిలో నవ్వే బాతులు

మొన్న మా ఆడపడుచు కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాం. వంటిల్లూ పూజగదీ చూపించాక, "వదినా, నువ్వు తప్పకుండా చూడాల్సింది ఇదీ!" అంటూ పిల్లల బాత్‌రూం తలుపు తీసింది. నాలుగడుగుల దాకా తెల్ల టైల్స్. ఆ పైనంతా నీలి సముద్రం. అందులో చేపలు, తాబేళ్ళు, డాల్ఫిన్లు, ఒక ఆక్టోపస్. అన్నీ నవ్వుతున్నాయి. బొమ్మలేసే కుర్రాడు మూడు రోజులు కష్టపడ్డాడట.

"చాలా బావుంది" అన్నాను. గృహప్రవేశం నాడు ఇంకోమాట అనే వదినగారిని మీరెక్కడైనా చూశారా?

కానీ ఇంటికొచ్చాక ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. రెండున్నర గంటల సినిమా చూసొచ్చి, కథ బాగాలేదనీ, పాటలు బాగాలేవనీ వారం రోజులు చర్చించుకుంటాం. పిల్లలు పొద్దునా సాయంత్రం చొప్పున ఏళ్ళ తరబడి చూడబోయే బొమ్మకి మాత్రం "బావుంది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తాం. ఆ బొమ్మకి విమర్శ అక్కర్లేదా?

నాకు తోచిన మొదటి తప్పు, ఎత్తు. ఆ డాల్ఫిన్లు సరిగ్గా నా కళ్ళెదుట ఉన్నాయి. ఐదేళ్ళ పిల్లాడి కళ్ళు నేలకి మూడడుగుల పైన, మహా అయితే ఇంకో నాలుగంగుళాలు. పీట మీద కూర్చుంటే ఇంకా కిందికి. వాడికి కనిపించేది కుళాయీ, బకెట్టూ, వట్టి టైల్సూను. మరి ఆ సముద్రం ఎవరికోసం? మనకోసం. ఇల్లు చూడ్డానికొచ్చిన చుట్టాల కోసం.

రెండో తప్పు, ఆ నవ్వు. పిల్లల బొమ్మ అనగానే ప్రతి ప్రాణి మూతికీ ఓ నవ్వు అతికించాలని మనకెవరు చెప్పారో! నీళ్ళలో ఈదే చేపకి నవ్వే తీరిక ఎక్కడిది? చేప అందమంతా దాని కదలికలో ఉంది.

ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మతీస్ సంగతి చూడండి. 1952లో ఆయనకి ఎనభై దాటాయి. నీస్ నగరంలో ఉంటూ, డైవింగ్ చేసేవాళ్ళని చూద్దామని ఒకరోజు కాన్ ఊరి ఈతకొలనుకి వెళ్ళాడు. ఎండకి తట్టుకోలేక తిరిగొచ్చేసి, నా కొలను నేనే చేసుకుంటానన్నాడట. సహాయకుల చేత కాగితాలకి నీలిరంగు వేయించి, కత్తెరతో కత్తిరించి, భోజనాలగది గోడల చుట్టూ తెల్లకాగితం పట్టీ మీద అంటింపించాడు. ఇప్పుడది న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. దాంట్లో ఒకచోట నీలం మనిషి. ఇంకోచోట నీలం నీళ్ళు, మధ్యన వదిలేసిన తెలుపే మనిషి. సగం ఆయన చేశాడు, మిగతా సగం మన కళ్ళకి వదిలేశాడు.

అంత దూరం ఎందుకు, మన ముగ్గులో ఉన్నదీ అదే కదా! మా అమ్మ వాకిట్లో చుక్కలు పెట్టి, "ఇక నువ్వు కలుపు" అని పక్కకి జరిగేది. నా గీత వంకర పోయినా చెరిపేది కాదు. మర్నాటికి ఎలాగూ ఉండదు, మళ్ళీ కొత్త ముగ్గు. చిన్నదానికి చోటివ్వడం, రేపటికి చోటివ్వడం... పిల్లల బొమ్మకి ఈ రెండూ ఉండాలని నేనంటాను.

ఇంతా చెప్పే నేను చేసిన నిర్వాకం కూడా వినండి. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు అత్తవారింటి పెరట్లో సున్నం గోడల నీళ్ళగది ఉండేది. కాగు కింది బొగ్గుముక్క తీసుకుని గోడ మీద పొడుగ్గా ఏదో గీసింది. ఏమిటని అడగనైనా లేదు నేను. గోడ కడిగి, సున్నం కొట్టి, పసుపుపచ్చ ఎనామిల్ రంగుతో ఆరు బాతులు వేశాను. అన్నీ నవ్వే బాతులే. ఇరుగుపొరుగు అమ్మలక్కలందరూ వచ్చి మెచ్చుకున్నారు. మా అమ్మాయి మాత్రం గోడకేసి చూసి, "నా రైలేదమ్మా?" అంది.

"బాతులు చూడు, ఎంత బావున్నాయో!" అన్నాను. అది చూసింది. మళ్ళీ ఆ గోడ మీద ఏమీ గీయలేదు. పిల్ల బుద్ధిమంతురాలైందని మురిసిపోయాను కూడా.

బాతులు రెండు వానాకాలాలు నిలవలేదు. సున్నం గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. పైన నూనెరంగు పూస్తే ఆ చెమ్మకి దారి ఉండదు. లోపల్నించి ఉబ్బి పెచ్చులూడిపోతుంది. ఆ డబ్బా కొనేటప్పుడు అందులో సీసం ఎంతుందో అడగాలని కూడా నాకు తోచలేదు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో అమలైందే 2017 నవంబరులో.

ఇప్పుడు మా అమ్మాయి హాస్టల్లో ఉంటోంది. మొన్న ఫోన్‌లో అడిగాను, "నీళ్ళగదిలో నేనేసిన బాతులు గుర్తున్నాయా?" అని.

"బాతులా? లేదమ్మా. అక్కడ పెచ్చూడినచోట ఒంటె ఉండేది చూడు, అది గుర్తుంది. రోజూ దానికి నీళ్ళు పోసేదాన్ని."

రైలు సంగతి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత ఆడపడుచుకి ఫోన్ చేశాను. "పైన నీ సముద్రం నువ్వుంచుకో. కింది టైల్స్ మాత్రం పిల్లలకి వదిలెయ్. సబ్బుముక్కతో వాళ్ళిష్టం వచ్చింది గీసుకోనీ" అన్నాను.

"గోడంతా పాడుచేస్తారు వదినా!" అంది.

"చెంబెడు నీళ్ళు పోస్తే పోతుంది. కాకపోతే, పోసేముందు అదేమిటో ఒక్కసారి అడుగు."