పెద్దకర్మ అయ్యాక వెళ్లండి

మా అక్క పోయిన రోజు బావకి ఏడవడానికి తీరిక లేకుండా చేశాం. షామియానా, కుర్చీలు, కట్టెలు, పంతులుగారు... అన్నీ ఆయన్నే అడిగాం. లోపల ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని శోకాలు పెడుతుంటే, ఆయన వాకిట్లో నిలబడి, నొప్పి ఎన్నింటికి వచ్చిందో, ఏలూరు ఎన్నింటికి తీసుకెళ్లారో వచ్చినవాళ్లందరికీ అప్పజెబుతున్నాడు. "నువ్వే ఇలా అయిపోతే పిల్లల గతేంటి?" అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పదకొండో రోజు పెద్దకర్మ. భోజనాలయ్యాక తాడేపల్లిగూడెం కార్లు అటు, ఏలూరు కార్లు ఇటు వెళ్లిపోయాయి. పదిమందినీ ఒకచోట కూర్చే మన దినవారాలు గొప్పవే. కానీ పనులన్నీ నెత్తినేసుకున్న మగవాడికి దుఃఖం మొదలయ్యేది ఆ పన్నెండో రోజునే.

నెల తర్వాత వెళ్తే బావ చేపల చెరువు మీద ఉన్నాడు. కొల్లేటి పక్క ఊళ్లలో పొద్దున్నే మేత కట్టాలి. తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన గెడలకి వేలాడదీస్తే బొచ్చె, శీలావతి వచ్చి తింటాయి. పడవెక్కి సంచులు అందించాను. ఇంట్లో అడిగితే "బాగానే ఉన్నాను" అనే మనిషి, నాలుగో గెడ దగ్గర చెయ్యి ఆపేశాడు.

"ఐదింటికి ఫోన్ చేసేది, మేత కట్టారా అని. ఇప్పటికీ ఐదింటికి ఫోన్ తీసి చూస్తున్నా."

ధైర్యం చెప్పలేదు. అక్క పేరు పలికి, చిన్నప్పుడు నన్ను కాలవలో ఈతకి దింపిన సంగతి చెప్పాను. చాలాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత మిగతా సంచులు కట్టాం.

విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయాక 'వరలక్ష్మీ త్రిశతి' రాశారు. పుస్తకానికి ఆమె పేరే పెట్టుకున్నారు. పద్యం రాని మగవాళ్లకి ఆ పేరు పలికే చోటు మనమే ఇవ్వాలి.

కొందరు స్నేహితులు మందు సీసా పట్టుకెళ్తారు. ప్రేమతోనే కావచ్చు, అయినా వద్దు. భార్య పోయిన మనిషి తిండీ నిద్రా మానేసినా, "నేనూ పోతే బాగుండు" అన్నా తేలిగ్గా తీసుకోకండి. 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మీరే కలిపి ఫోన్ ఆయన చేతికివ్వండి, పక్కనే కూర్చోండి.

మీ ఎరికలో పెద్దకర్మ దాటిన ఇల్లు ఉంటే ఈ ఆదివారం వెళ్లండి. లుంగీ కట్టుకుని, మేత కట్టే వేళకి వెళ్లండి.