చలికాలపు పురిటిల్లు: తెలుగు సాహిత్యంలో బాలింత స్థానం – ఆదోని, ఎమ్మిగనూరు నేపథ్యం

సారాంశం: తెలుగు సాహిత్యంలో మాతృత్వానికి ఎంతో గౌరవం ఉంది. అయినా ప్రసవానంతరం స్త్రీ గడిపే తొలి నెలల జీవితం, అంటే బాలింతతనం, కావ్యవస్తువుగా గాని విమర్శాంశంగా గాని తగినంత గుర్తింపు పొందలేదు. పశ్చిమ కర్నూలు జిల్లాలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల చలికాలపు పురిటింటి దినచర్యను ఆధారంగా తీసుకొని, ఈ లోపానికి గల సాహిత్య కారణాలను పరిశీలించడం, జోలపాటను బాలింత వాఙ్మయంగా చదవవలసిన అవసరాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: బాలింత, పురిటిల్లు, జోలపాట, కుమారోదయం, సుగ్గి, పశ్చిమ కర్నూలు.

1. ఉపోద్ఘాతం

ఆలంకారికులు మహాకావ్యానికి విధించిన అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన ఒకటి, కుమారోదయం మరొకటి. చలికాలాన్ని వర్ణించడానికీ, బిడ్డ పుట్టుకను వర్ణించడానికీ మన కవులకు శాస్త్రసమ్మతమైన అవకాశం మొదటినుంచీ ఉన్నదన్నమాట. కాని ఆ చలికాలంలో ఆ బిడ్డను కని మంచం పట్టిన స్త్రీని వర్ణించే ఏర్పాటు ఆ జాబితాలో లేదు. గర్భవతి చిహ్నాలను, ఆమె కోరికలను కవులు ఆసక్తితో వర్ణించారు. బిడ్డ పుట్టగానే మంగళవాద్యాలు, దానధర్మాలు, జాతకఫలాలు కావ్యాన్ని ఆక్రమిస్తాయి. ఆ సందడిలో తల్లి కథలోంచి తప్పుకుంటుంది. ఆమె మళ్లీ కనిపించేసరికి బిడ్డకు నడక వచ్చి ఉంటుంది.

‘కుమారోదయం’ అన్న పేరే దృష్టి ఎక్కడ ఉన్నదో చెబుతున్నది. ఉదయించినవాడు కుమారుడు, కన్నది ఎవరన్న ప్రశ్నకు ఆ మాటలో చోటు లేదు. ఈ అలవాటు ప్రాచీన కావ్యంతో ఆగిపోలేదనీ, జానపద గేయాల వర్గీకరణలోనూ కొనసాగిందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

2. కనని తల్లులు

తెలుగులో శిశుపోషణను ఇంటి వివరాలతో వర్ణించిన తొలి ఘట్టాలలో పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోని బెజ్జమహాదేవి కథ ముఖ్యమైనది. శివుడికి తల్లి లేదే అన్న చింత ఆమెది. తల్లి ఉండి ఉంటే విషం తాగనిచ్చేదా, శ్మశానంలో తిరగనిచ్చేదా అని వాపోయి, తానే ఆయనకు తల్లి అవుతుంది. శిశురూపంలోని శివుణ్ణి కాళ్లమీద పడుకోబెట్టుకొని నీళ్లు పోయడం, ముక్కు, కడుపు ఒత్తడం వంటి పనులను సోమనాథుడు ద్విపదలో ఎంతో సన్నిహితంగా చిత్రించాడు. వీరశైవ సంప్రదాయం బలంగా ఉన్న కన్నడ సరిహద్దు సీమలో, నేటికీ పుష్యమాసంలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరిగే ఎమ్మిగనూరు వంటి చోట, ఈ కథను చదివితే ఆ నీళ్లుపోత వర్ణన పరాయిదిగా అనిపించదు.

అయితే ఒక విషయం గమనించాలి. బెజ్జమహాదేవి ఈ బిడ్డను కనలేదు. ఆమెకు పురిటినొప్పులు లేవు, పథ్యం లేదు, పాలు పడకపోతే ఏమిటన్న దిగులు లేదు. ఆమె మాతృత్వం పూర్తిగా సేవ. అందులో గాయపడిన ఒళ్లు లేదు.

పోతన భాగవతంలోని యశోద విషయం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆమె అప్పుడే ఆడబిడ్డను కని, ప్రసవశ్రమతో నిద్రలో ఉన్నది. ఆ నిద్రలోనే బిడ్డలు మారిపోయారు. కన్న దేవకి బిడ్డను ఆ రాత్రే పోగొట్టుకున్నది. పెంచిన యశోద కనలేదు. తెలుగు పాఠకుడికి మాతృత్వమంటే వెంటనే గుర్తుకువచ్చే ఈ ఇద్దరు స్త్రీలూ తాము లాలించిన బిడ్డను కన్నవారు కాకపోవడం కేవలం యాదృచ్ఛికమని నేను అనుకోను. శరీరబాధ నుంచి వేరుచేసినప్పుడే మాతృత్వం భక్తికి ఉపమానంగా పనికివచ్చింది. యశోద నిజానికి పచ్చి బాలింత. ఆ సంగతి మన చదువులో ఎన్నడూ ప్రధానం కాలేదు.

దీనికి మినహాయింపు స్త్రీల పాటలలో ఉంది. కౌసల్య ప్రసవవేదనను పాడుకున్న పాటలు ఇందుకు సాక్ష్యం. తెలుగు స్త్రీల రామాయణపు పాటలపై 1991లో వెలువడిన వ్యాసంలో వెల్చేరు నారాయణరావు ఈ భేదాన్ని స్పష్టంగా చూపారు. పాట పాడేది స్త్రీ అయినప్పుడు కుమారోదయం మళ్లీ ప్రసవంగా మారుతుంది.

3. నుడికారంలో నిలిచిన ఒళ్లు

కావ్యం పక్కన పెట్టిన అనుభవాన్ని భాష పక్కన పెట్టలేదు. ‘పచ్చి బాలింత’, ‘పచ్చి ఒళ్లు’ అన్న మాటలలోని ‘పచ్చి’ ఆరని పుండుకు, కాలని కుండకు వాడే విశేషణమే. ప్రసవించడాన్ని ‘నీళ్లాడటం’ అంటాం. కాన్పు చేయించడాన్ని ‘పురుడు పోయడం’ అంటాం. ప్రసవానికి సంబంధించిన ఈ క్రియలు నీటిని, స్నానాన్ని స్ఫురింపజేస్తున్నాయి. ఆదోని పరిసరాల్లో కన్నడం మాట్లాడే ఇళ్లలో బాలింతను ‘బాణంతి’ అనీ, ఆ కాలాన్ని ‘బాణంతన’ అనీ అంటారు. ఆదోని ప్రాంతం 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో భాగం. జిల్లా మారినా పురిటింటి మాటలు రెండు భాషలలోనూ పక్కపక్కనే నిలిచాయి.

చలికాలంలో ఈ నుడికారానికి అర్థం బలపడుతుంది. మొదటి కాన్పు పుట్టింట జరగడం ఆచారం. పొద్దెక్కి ఎండ కాస్త వేడెక్కాక గాని బాలింతకు నీళ్లు పోయరు. అవ్వో, నీళ్లు పోయడంలో చేయి తిరిగిన మరో పెద్దామో హండాలో కాగిన నీళ్లు నడుముమీద పోస్తుంది. తర్వాత సాంబ్రాణి, వాము వేసిన నిప్పుల పొగ. తలకు గుడ్డ, చెవుల్లో దూది, నడుముకు కట్టు, మంచం కింద కుంపటి. మిరియాల చారు, వెల్లుల్లి కారం, శొంఠి, పిప్పళ్లు, బెల్లం కలిపి దంచిన కాయం ముద్ద ఆమె ఆహారం. శీతం చేస్తుందని, వాతం కమ్ముతుందని భయం.

ఇందులో సంరక్షణ ఉంది, నిర్బంధమూ ఉంది. కాన్పయిన స్త్రీని ఇంటిపని నుంచి కొన్ని వారాలపాటు తప్పించిన ఏర్పాటు ఇది. దాహం వేసినా నీళ్లు తగ్గించి ఇచ్చే, గాలి ఆడని గదిలో తల్లీబిడ్డలను పొగలో కూర్చోబెట్టే ఏర్పాటు కూడా ఇదే. పరిశోధకుడు దీన్ని సంస్కృతిగా కీర్తించి ఊరుకోకూడదు, మూఢాచారంగా కొట్టివేయనూ కూడదు. ఈ రెండింటి నడుమ ఆ స్త్రీ ఏమి చేసిందన్నదే సాహిత్యవిద్యార్థి అడగవలసిన ప్రశ్న.

4. కాలక్షేపం అన్న మాట

ఆమె చేయగలిగినది కొద్దిగానే ఉన్నట్లు తోస్తుంది. మైల ఉన్న రోజులలో ఆమె పూజకు పనికిరాదు. ధనుర్మాసం వచ్చినా ముంగిట ముగ్గు ఆమె వేయదు. సంక్రాంతి గొబ్బిపాటలను గదిలోంచి వింటుంది. ఎమ్మిగనూరు జాతర సందడి కూడా ఆమెకు చెవినబడేదే తప్ప కంటబడేది కాదు. బాలింత లోకం ప్రధానంగా వినికిడి లోకం. ఆ చెవుల్లోనూ దూది ఉంటుంది.

బాలింత చదవకూడదు, సూదిపని చేయకూడదు, కళ్లు దెబ్బతింటాయి అన్న నిషేధం మన ఇళ్లలో విస్తృతంగా ఉంది. దీని పర్యవసానాన్ని సాహిత్యవిమర్శ గుర్తించవలసి ఉంది. సాహిత్యంలో బాలింత లేదు. బాలింత చేతిలో పుస్తకమూ లేదు. మంచం పక్కన కూర్చొని పాతచీరలతో బొంత కుట్టేది పెద్దామె. ఏ చీర ఏ పెళ్లినాటిది, ఏ ముక్క ఎవరిది అన్న ముచ్చట్లు ఆ కుట్టుతోపాటు సాగుతాయి. సూది పట్టని బాలింతకు ఆ మాటలే వినోదం. ఇంటి స్త్రీల చరిత్ర ఆమెకు అందేదీ ఇక్కడే. తన తల్లి కాన్పు సంగతి, అవ్వ పోగొట్టుకున్న బిడ్డ సంగతి ఆమె మొదటిసారి వినడానికి తగిన చోటు అదే.

ఈ విరామం అందరికీ ఒకే పొడవున దొరకదు. 1938లో మాచాని సోమప్ప చొరవతో చేనేత సహకార సంఘం ఏర్పడిన ఎమ్మిగనూరులో మగ్గం ఎందరి ఇళ్లకో జీవనాధారమైంది. మగ్గం ఇంట్లో మగవాడు గుంటలో కూర్చొని నేస్తే, రాట్నంమీద కండెలు చుట్టడం ఆడవాళ్ల పని. అది కూర్చొని చేసే పని కాబట్టి తేలికైనదన్న పేరు ఉంది. తేలిక అన్న పేరున్న పని బాలింత చేతికి ముందుగా తిరిగివస్తుంది. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, కాలితో ఉయ్యాల తాడు లాగే స్త్రీని చూసి ఆమెకు పొద్దుపోతున్నదని అనగలమా? ‘కాలక్షేపం’ అన్న మాటకు పనినుంచి విడిపోయిన కాలం కావాలి. ఈమె కాలంలో అటువంటి గీత ఎక్కడా లేదు. ఈ రెండు చేతుల పనికీ మధ్య మిగిలినది గొంతు ఒక్కటే. జోలపాటను ఇక్కడినుంచి చదవాలి.

5. సుగ్గి, జోల, వర్గీకరణ

బిరుదురాజు రామరాజు 1958లో ప్రచురించిన తెలుగు జానపద గేయ సాహిత్యము మొదలు మన జానపద పరిశోధన గేయాలను వర్గీకరించడంలో గొప్ప శ్రమ చేసింది. ఆ శ్రమ లేకుంటే ఈ చర్చకే ఆధారం ఉండేది కాదు. కాని జోలపాట విషయంలో వర్గీకరణ తరచు తడబడుతుంది. దాన్ని ఒకచోట పిల్లల పాటలలో, మరొకచోట స్త్రీల పాటలలో చేరుస్తాం. ఎవరికోసం పాడారన్నది మొదటిదానికి ప్రమాణం. ఎవరు పాడారన్నది రెండోదానికి. ఏ స్థితిలో పాడారన్నది మాత్రం ప్రమాణం కాలేదు.

పశ్చిమ కర్నూలు వలస ఈ లోపాన్ని బయటపెడుతుంది. సంక్రాంతి చుట్టుపక్కల ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల పల్లెలనుంచి కుటుంబాలు గుంటూరు సీమకు మిరపకోతకు తరలిపోతాయి. దానికి ఇక్కడి పేరు ‘సుగ్గి’. కన్నడంలో ఆ మాటకు పంట చేతికొచ్చే కాలం, పండుగకాలం అని అర్థం. ఇక్కడ సొంత ఊరు వదిలిపోవడానికి పేరైంది. చలికాలంలో కాన్పయిన కూలిస్త్రీకి మూడో నెల పుట్టింట గడవదు. చీర ఉయ్యాలలో బిడ్డ, మిరపచేలో తల్లి. గట్టున చెట్టుకు కట్టిన ఆ ఉయ్యాల దగ్గర పాడే జోల పిల్లల పాటా, స్త్రీల పాటా, శ్రామిక గేయమా? మూడూ అవును. మన పట్టికలో అది మూడు చోట్లా ఉండలేదు గనుక ఏదో ఒకచోట చేరి, మిగిలిన రెండు అర్థాలను పోగొట్టుకుంటుంది.

స్పానిష్ కవి ఫెదెరికో గార్సియా లోర్కా 1928లో జోలపాటలపై చేసిన ప్రసంగంలో, తన దేశపు జోలలు ఎందుకింత విషాదంగా ఉన్నాయని ప్రశ్నించి, బిడ్డను భారంగా మోయవలసి వచ్చిన పేదస్త్రీల గొంతు వాటిలో ఉందని చెప్పాడు. తెలుగు జోలలో రాముడు, కృష్ణుడు సంబోధనగా రావడం వల్ల ఈ ప్రశ్న మనం అడగలేదు. దేవుడి పేరు వినగానే దాన్ని భక్తిగా లెక్కవేశాం. కాని అర్థం తెలియని పసిబిడ్డకు చెప్పే మాట, ఇంట్లో మరెవరికీ చెప్పలేని మాట కావచ్చు. అత్తింటి మాట, ఒంటి నొప్పి, ఆడబిడ్డ పుట్టిందన్న నిష్ఠూరం జోలలోకి ఎలా చేరుతున్నాయో, దేవుడి పేరు చాటున ఎలా దాగుతున్నాయో చూడవలసి ఉంది.

6. ఆధునిక కవిత్వం దాకా

ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాల స్త్రీవాద కవిత్వం ఈ మౌనాన్ని గట్టిగా ఛేదించింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ కవితలు ప్రసవాన్ని, గర్భాన్ని స్త్రీ శరీరం వైపునుంచి చెప్పి మాతృత్వ కీర్తనను ప్రశ్నించాయి. కుమారోదయ వర్ణనకు తెలుగులో వచ్చిన సమాధానాలుగా వీటిని చదవవచ్చు. అయితే ఆ కవితల చర్చ ఎక్కువగా ఆసుపత్రి గది దగ్గరే ఆగింది. ఇంటికి వచ్చాక రాత్రికి నాలుగుసార్లు లేచే స్త్రీ, పాలు చాలక అపరాధభావంతో కుమిలే స్త్రీ, నలుగురి సేవలో ఉండీ ఏకాకి అయిన స్త్రీ విమర్శకు ఇంకా పూర్తిగా అందలేదు.

ఇప్పుడు మరో మార్పు వచ్చింది. ఉయ్యాల పక్కన చరవాణి జోలపాట పాడుతున్నది. తల్లికి కాస్త విశ్రాంతి దొరికితే సంతోషమే. కాని ఆమె తన మాట చేర్చుకోగలిగిన ఒకే ప్రక్రియ ఇతరుల గొంతులో స్థిరపడిపోతున్నది. సేకరణకు ఇది ఆఖరి అదను కావచ్చు.

7. ఉపసంహారం

ఈ చర్చ నుంచి మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, జోలపాటను సేకరించేటప్పుడు పాఠంతోపాటు పాడిన స్త్రీ స్థితిని కూడా నమోదు చేయాలి: ఎన్నో కాన్పు, ఎన్నో నెల, పుట్టిల్లా మెట్టినిల్లా, ఏ కాలం, చేతిలో ఏ పని. రెండవది, పురిటింటి మాటలను తెలుగు, కన్నడ రూపాలతో పక్కపక్కన నమోదు చేయాలి. ఆదోని, ఎమ్మిగనూరు ఇందుకు అనువైన క్షేత్రాలు. మూడవది, మాతృత్వాన్ని వర్ణించిన ప్రాచీన ఘట్టాలను బోధించేటప్పుడు, ఆ తల్లి బాలింత అవునా కాదా అన్న ప్రశ్నను తరగతిలో ఉంచాలి.

చట్టం 2017 సవరణతో సంఘటిత రంగపు ఉద్యోగినికి 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. మగ్గం ఇంటి స్త్రీకి, సుగ్గికి పోయిన స్త్రీకి ఆ లెక్క వర్తించదు. సాహిత్యం వారికి సెలవు ఇవ్వలేదు. వారు ఆ చలికాలం ఎలా గడిపారో వారి పాటలోంచి చదివి చెప్పగలదు. అది విమర్శ చేయవలసిన పనే.