త్రికూటాద్రి దిగువన ప్రభల కొలువు

మాఘ బహుళ చతుర్దశి నాటికి పల్నాటి చేలలో మిరపకోతలు ముమ్మరమై, రొంపిచెర్ల చుట్టుపట్ల కల్లములన్నియు కాయ ఆరబోతతో ఎఱ్ఱబారియుండును. కూలి దొరకుటే గగనమైన అట్టి దినములలో రైతులు కొందఱు చేతిలోని పని కట్టిపెట్టి, వెదుళ్లను మోకులను ముందు వేసికొని కూర్చుండుటకు కారణమేమని పరదేశి యెవడైన అడిగినచో, ఆగ్నేయముగా నిలిచియున్న కోటప్పకొండను చేయెత్తి చూపిన చాలును.

ఏ దిక్కునుండి చూచినను మూడు శిఖరములు కానవచ్చునందురు గనుక అది త్రికూటాద్రి. ఆ శిఖరములకు బ్రహ్మ, విష్ణు, రుద్రుల పేళ్లు. అచట వెలసిన త్రికోటేశ్వరుడు దక్షిణామూర్తి స్వరూపుడు, బ్రహ్మచారి. కావున ఆయనకు కల్యాణోత్సవము లేదు, ధ్వజస్తంభమును లేదు. పెండ్లి సంబరము లేని దేవునికి జనులు తామై కల్పించుకొన్న వైభవమే ప్రభ యని నా తలంపు. కోటిన్నొక్క ప్రభ కట్టిన నాడు స్వామి కొండ దిగి వచ్చునని వారి విశ్వాసము. లెక్క ఎన్నటికిని తెమలదని వారికి తెలియకపోలేదు. అయినను ఏటేట కట్టుచునే యున్నారు.

ప్రభ కట్టుటలోని నేర్పు దూరమునుండి చూచువారికి తెలియదు. అడుగున బరువైన దూలముల చట్రము, దానికి ఇరుసు, చక్రములు. ఆపైన 80, 90 అడుగుల వరకును లేచు ముఖము. ఆ ముఖము వెడల్పు ఎంత ఘనమో మందము అంత స్వల్పము. అనగా గాలికి తెరచాపవలె ఎదురు నిలుచు వస్తువన్నమాట. అంతటి పొడవుగల గడ ఏకఖండముగా దొరకదు గనుక, గడకు గడ అతుకవలెను. అతుకులన్నియు ఒకే ఎత్తున పడినచో ప్రభ అచ్చటనే విఱుగును గనుక, ఒకదాని అతుకు ప్రక్కదాని నడుమకు వచ్చునట్లు ఎడమెడముగా జతపఱచి తాళ్లతో బిగింతురు. కొయ్య మొండికెత్తి విఱుగును, వెదురు వంగి తేరుకొనును. అందుచేత పైకి పోయినకొలది వెదురే ప్రధానము. నేలమీద పరుండబెట్టి కట్టిన ఈ చట్రమును నిలువునకు లేపుట, మునుపు మోకులతోను బలమైన ఊతకఱ్ఱలతోను జరిగెడి పని, నేడు క్రేనుల పాలైనది.

లేపుటకన్న నడపుట కష్టము. నాలుగు వైపులకు దిగిన మోకులను పట్టి జనులు నడుతురు. దారి పల్లమైనచో వెనుకవారు బిగబట్టవలెను. మలుపులో లోపలివారు సడలించునంత మేర వెలుపలివారు లాగవలెను. ఒక్క మోకు అదను తప్పినను శిఖరము ఊగును. అడ్డమువచ్చు విద్యుత్తు తీగలకు సరఫరా నిలిపివేసి దారి ఇచ్చువరకు ఊరి పొలిమేరలో వేచియుండుటయు కలదు. "చేదుకో కోటయ్యా" యను కేక భక్తి నినాదమే గాని, అందఱును ఒక్కుమ్మడి లాగుటకు అది తాళముగా కూడ పనికివచ్చును.

పూర్వము ఎడ్లబండ్లు, రంగుకాగితములు, గుడ్డలు. ఇప్పుడు ట్రాక్టరు, జనరేటరు, వేలకొలది రంగుదీపములు. రాత్రివేళ ఆ దీపముల మిలమిలలో దేవతామూర్తులు వెలిగి మాయమగుట చూడముచ్చటయే. కాని ప్రభ ముందటి వేదికపై సినిమాపాటల హోరు, చెవులు దిమ్మెక్కించు ఆ స్పీకర్లు, శివునికి ఏపాటి ప్రీతియో నాకు బోధపడదు. నన్నడిగినచో ప్రభను పగటివేళ, దీపములారినప్పుడు, వెనుకవైపునుండి చూడవలెను. కట్టుబడి అంతయు అక్కడనే కనబడును.

కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు చేరు ప్రభలు వేఱు జాతివి: చక్రములుండవు, భుజములపై మోసికొని పచ్చని వరిచేల నడుమగా, కౌశిక నీటిలో దిగి సాగుదురు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటము చూపినది ఆ ప్రభలతీర్థమునే. కాగితముపై గీయక మనసుననే రూపము నిలుపుకొను నేర్పు మనకొక్కరికే కాదు: సముద్రములకావల, దక్షిణ ఫిలిప్పీన్సులో, దక్షిణ కొటబాటో వారు ఏటా జూలైలో జరుపు త్నలాక్ పండుగకు తిబోలి తెగ స్త్రీలు అబాకా నారతో నేయు వస్త్రముపేరే పేరు. ఆ నేతకు గీతపటము లేదు, నమూనా అంతయు మనసులోనిదే. మన ప్రభకును కాగితముమీది కొలతకన్న ఆరితేరినవాని కన్నే ప్రమాణము. ఆ కన్ను అలవడునది బాల్యముననే: పెద్ద ప్రభల వెంట చిన్నపిల్లలు తాము కట్టుకొన్న బుల్లి ప్రభలను నెత్తిన పెట్టుకొని కొండకు నడచుదురు, దారిలో ముడి జాఱినచో తామే కూర్చుండి మఱల బిగించుకొందురు.