క్రీస్తు వాక్కునందలి ప్రామాణ్యము

యెరూషలేము దేవాలయములో ప్రధానయాజకులు యేసును అడిగిన ప్రశ్న ఒకటున్నది: ఈ పనులు ఏ అధికారముతో చేస్తున్నావు, దానిని నీకిచ్చినవారెవరు? క్రైస్తవ విశ్వాసమంతా ఏదో ఒక రూపమున ఈ ప్రశ్నకు సమాధానమే. మతపండితుల సమాధానములను వారికే విడిచి, సాహిత్య విద్యార్థిగా ఆ వాక్కు నిర్మాణమును మాత్రము ఇక్కడ పరిశీలింపదలచినాను.

శాస్త్రులు పూర్వాచార్యుల పేరు చెప్పి బోధించేవారు. మన వ్యాఖ్యాతల పద్ధతియు అదే. ప్రవక్తలు యెహోవా సెలవిచ్చినాడని ఆరంభించేవారు. కొండమీది ప్రసంగములో ఈ రెండు పద్ధతులును కనబడవు. పూర్వులు విన్న ధర్మమును స్మరించి, దానికెదురుగా వక్త తన మాటను 'నేను' అని నిలుపుతాడు.

ఇంతకన్న విశేషము 'ఆమేన్' అనే హెబ్రీ పదము. యూదుల ఆచారములో అది ఇతరుల ప్రార్థనకో, ప్రమాణమునకో చివర పలికే అంగీకారము; మన 'తథాస్తు' వంటిదనుకొనవచ్చును. యేసు దానిని తన వాక్యమునకు మొదటనే పెట్టినాడు. గ్రీకులో వ్రాసిన సువార్తికులు సైతము ఆ పదమును చాలాచోట్ల అనువదింపక అట్లే ఉంచినారు. వింతగా తోచే మాటను దిద్దక నిలిపినారంటే, అది ఆయన నోటిమాటయే అన్న పండితుల ఊహకు బలమున్నది. మన తెలుగు బైబిలు దానిని 'నిశ్చయముగా' అన్నది. అర్థము తప్పలేదు, కాని మత్తయి 5వ అధ్యాయములో ఒకచోట, తెలుగు వాక్యక్రమము ననుసరించి, ఆ పదము వాక్యము చివరకు జారినది. మాట వినిపించక ముందే అంగీకారమును పలికే ఆ ధాటి అక్కడ లేదు. లేఖల చివర 'ఆమేన్' అనే పదమును అట్లే ఉంచిన అనువాదకులు ఇక్కడ ఎందుకు వెనుదీసిరో!

మార్కు నిష్కాపట్యము మరొక సాక్ష్యము. స్వగ్రామమున జనుల అవిశ్వాసము నడుమ, కొద్దిమంది రోగులను స్వస్థపరచుట తప్ప, యేసు అద్భుతమేమియు చేయలేకపోయినాడని అతడు వ్రాసినాడు. మత్తయి అదే ఘట్టమున ఎక్కువ అద్భుతములు 'చేయలేదు' అని మాత్రమే అన్నాడు. 'చేయలేకపోయెను', 'చేయలేదు' - ఈ రెండింటి నడుమ భక్తుని సంకోచమంతా ఉన్నది. నాకు మార్కు మాటయే నమ్మదగినదిగా తోస్తున్నది. మహిమను చాటదలచినవాడు కల్పించే మాట కాదది.

జాషువ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించిన తరువాత, ఈ వస్తువు తెలుగు కావ్యమునకు పరాయిదని ఎవరును అనజాలరు. ఇక కవి ఎదుర్కొనవలసిన చిక్కు వేరు. మన పద్యము నాయకుని మహిమను విశేషణములతో పెంచుట బాగుగా నేర్చినది. ఈ నాయకుడో, యాజకుల ప్రశ్నకు బదులుగా యోహాను బాప్తిస్మమును గురించి ఎదురుప్రశ్న వేసినాడు. వారు తెలియదనగా, తానును చెప్పనన్నాడు. అంతటితో ఘట్టము ముగిసినది. అక్కడ సీసపద్యము నెత్తుకొనదలచిన కవి చేయి ఒక్క క్షణమైనను ఆగవలె.