కామా అంటే కామాయేనా?

ఉక్తలేఖనం చెప్పే పంతులుగారికి ఒక చిక్కుంది. "రాముడు, కామా, లక్ష్మణుడు" అని ఆయన చదువుతారు. తెలివైన పిల్ల రాముడి పక్కన చిన్న కొక్కెం గీసి ఊరుకుంటుంది. వెనక బెంచీలోని అమాయకపు పిల్లవాడు "కామా" అని రెండక్షరాలూ గుండ్రంగా వ్రాసేస్తాడు. క్లాసంతా గొల్లుమంటుంది. కాని ఆలోచించి చూడండి, ఆ పిల్లవాడు చేసిన నేరమేమిటి? పంతులుగారి నోటివెంట వచ్చిన మాటల్లో ఏది వ్రాయవలసిన మాటో, ఏది చేయవలసిన పనో వాడికెవరు చెప్పారు? రేపు పాఠంలోనే "పేర్ల మధ్య కామా పెట్టవలెను" అన్న వాక్యం వచ్చిందనుకోండి, తెలివైన పిల్ల కూడా బోల్తా పడుతుంది.

ఈ వారం నేను విమర్శకు తీసుకున్నది కథా కాదు, నవలా కాదు. సరిగ్గా ఈ చిక్కులోనే ఇరుక్కున్న ఒక వ్రాత పద్ధతి. దాని పేరు మార్క్‌డౌన్. పేరు విని పేజీ తిప్పేయకండి. మీకు తెలియకుండానే అది మీ ఇంట్లోకి వచ్చేసింది. కృత్రిమ మేధను అడిగి ఎవరో వంటకం తెప్పించి మీకు పంపిస్తే, "ఉప్పు" అన్న మాటకు అటు రెండు, ఇటు రెండు నక్షత్రాలు అంటుకుని రావడం చూసే ఉంటారు. ఉప్పుకు నక్షత్రాలెందుకమ్మా అని నవ్వుకునీ ఉంటారు. అవి మార్క్‌డౌన్ గుర్తులే. వాటిని అర్థం చేసుకునే ప్రోగ్రాములో ఐతే నక్షత్రాలు మాయమై, ఉప్పు లావుపాటి అక్షరాల్లో కనబడుతుంది. అర్థం చేసుకోని చోట ఇలా బయటపడి వెక్కిరిస్తాయి.

దీన్ని 2004లో అమెరికాలో జాన్ గ్రూబర్ అనే రచయిత తయారుచేశారు. అప్పటికి ఇరవయ్యేళ్లు కూడా నిండని ఆరన్ స్వార్ట్జ్ సలహాలతో సాయం చేశాడు. అంతకు ముందు కంప్యూటర్‌లో ఒక జాబితా అందంగా కనబడాలంటే హెచ్‌టీఎంఎల్ భాషలో వ్రాయాలి. జాబితా మొదలైందని ఒక గుర్తు, ప్రతి అంశానికీ ముందొకటి, వెనకొకటి, జాబితా అయిపోయిందని మరొకటి. నాలుగు సరుకుల చీటీకి ఇరవై బ్రాకెట్లు అన్నమాట! గ్రూబర్ ఏం చేశారంటే, జనం మామూలు ఉత్తరాల్లో ఎలా వ్రాసుకుంటున్నారో చూశారు. గట్టిగా చెప్పదలచిన మాటకు అటూ ఇటూ నక్షత్రం పెడుతున్నారు. వరుసగా చెప్పేవాటి ముందు చిన్న గీతో, అంకెతో చుక్కో పెడుతున్నారు. ఆ అలవాటునే ఆయన చట్టం చేశారు. జనం నోట్లో ఉన్న భాషే వ్రాతకు పనికొస్తుందని గిడుగు రామమూర్తిగారు వాదించినట్టే ఇదీను. ఆ మర్యాద వల్లనే నాకీ పద్ధతి మీద గౌరవం. యంత్రం చదవకముందే మనిషి చదవగలిగేలా ఉండడం చిన్న సుగుణం కాదు.

ఐతే చిక్కంతా ఆ సుగుణంలోంచే పుట్టింది. వంటింటి గరిటెను తీసుకెళ్లి రాజదండమని ప్రకటించారనుకోండి, రేపటినుంచి పులుసు దేంతో కలపాలి? నక్షత్రానికి ఆజ్ఞాపించే అధికారం వచ్చాక, నక్షత్రాన్ని నక్షత్రంగా వ్రాసుకునే స్వేచ్ఛ మనకు పోయింది.

ఒక ఉదాహరణ చెప్తాను. మాత్ర ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అనడానికి మన డాక్టర్లు 1-0-1 అని వ్రాస్తారు. కొందరు గీతలకు బదులు నక్షత్రాలు పెట్టి 1*0*1 అంటారు. దీన్ని మార్క్‌డౌన్‌కు అప్పగించండి. రెండు నక్షత్రాల మధ్య ఉన్న సున్నాను ఒత్తి చెప్పమన్నారు కాబోలుననుకుని, నక్షత్రాలను మింగేసి, సున్నాను కాస్త వాల్చి, 101 అని చూపిస్తుంది! మందుచీటీ కాస్తా జ్వరం డిగ్రీలయి కూర్చుంటుంది.

ఇంకొకటి. వరుస మొదట్లో "1983." అని వ్రాసి, ఆ ఏడు మనవాళ్లు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచారని వ్రాశారనుకోండి. అంకె, దాని పక్కన చుక్క, తర్వాత ఖాళీ. ఇంకేముంది, జాబితా మొదలైందని అది తీర్మానిస్తుంది. పైగా గ్రూబర్ మొదట చేసిన ఏర్పాటులో మీరు వేసిన అంకెకు విలువే లేదు, జాబితా ఎప్పుడూ ఒకటితోనే మొదలవుతుంది. అంచేత 1983 కాస్తా 1 అయిపోతుంది. కపిల్‌దేవ్ గారి ఘనతంతా క్రీస్తు శకం మొదటి ఏటికి జరిగిపోతుందన్నమాట.

దీనికి విరుగుడు లేకపోలేదు. గుర్తుకు ముందు వెనక్కి వాలిన గీత ఒకటి, అంటే బ్యాక్‌స్లాష్ పెట్టాలి. "ఈ పక్కనున్నదానికి అధికారమేమీ లేదు, ఉత్త గుర్తుగానే చూడు" అని ఆ గీత చెప్పి, తన పని కాగానే తాను మాయమవుతుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని ఎస్కేప్ అంటారు. ఆ గీతనే చూపించాలంటే రెండు గీతలు పెట్టాలి. 2004లో ఈ రక్షణ పదిహేను గుర్తులకే ఉండేది. 2014లో వచ్చిన కామన్‌మార్క్ అనే సవరించిన నిబంధనల్లో కీబోర్డు మీది ముప్ఫయిరెండు ఇంగ్లీషు విరామచిహ్నాలకూ ఇచ్చారు. దేనికి కావాలో, దేనికి అక్కర్లేదో గుర్తుపెట్టుకునే బాధ తప్పింది. మంచి సవరణ.

ఈ యుక్తి మనకు కొత్తా? ఎంతమాత్రం కాదు. తెలుగులో "అని" అన్న చిన్నమాట రోజంతా చేసే పని ఇదే. "రా" అంటే పిలుపు. "రా అని వ్రాయి" అంటే ఎవరూ లేచి రానక్కర్లేదు, అది ఉత్త అక్షరం. సంస్కృతంలో "ఇతి" చేసేదీ ఇంతే. పాణిని ఐతే తన అష్టాధ్యాయిలో దీనికొక సూత్రమే పెట్టాడు. వ్యాకరణంలో ఒక మాట వస్తే, అది పారిభాషిక పదమైతే తప్ప, దాని అర్థాన్ని కాక దాని రూపాన్నే తీసుకోవాలని. అంతేకాదు, కొన్ని అక్షరాలను కేవలం పని చేయడానికే తగిలించి, పని కాగానే లోపింపజేశాడు. వాటికి "ఇత్తు" అని పేరు. బ్యాక్‌స్లాష్‌ను చూసినప్పుడల్లా నాకు ఆ ఇత్తులే గుర్తొస్తాయి. కంటికి కనబడేలా నిలబడి, చెప్పవలసింది చెప్పి, తప్పుకునే సేవకుడు. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

నా ఫిర్యాదల్లా జాబితాలో జాబితా గురించి. అక్కడ సేవకుడు కనబడడు.

ఒక అంశం కింద ఉపాంశాలు వ్రాయాలంటే మార్క్‌డౌన్‌లో గుర్తేమీ పెట్టనక్కర్లేదు. వాటిని కాస్త లోపలికి జరిపి వ్రాస్తే చాలు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఎంత లోపలికి? గ్రూబర్ లెక్కలో నాలుగు ఖాళీలు. కొన్ని ప్రోగ్రాములు రెండింటికే ఒప్పుకుంటాయి. ఈ గందరగోళం తీర్చడానికే కామన్‌మార్క్ వచ్చింది. దాని నిబంధనలు వ్రాసిన జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలో తత్వశాస్త్రం బోధించే ఆచార్యుడు. ఆయన తీర్పేమిటంటే, పై అంశంలో అంకె, చుక్క, ఖాళీ పోగా మొదటి అక్షరం ఎక్కడ పడిందో, ఉపాంశం కనీసం అక్కడినుంచి మొదలవ్వాలి. తర్కానికి బాగానే ఉంది. ఇక ఇంటికి రండి.

ఆస్పత్రినుంచి వచ్చిన అత్తగారికి ఏమేం చేయాలో కోడలు పదకొండు అంశాల జాబితా వ్రాసి, పగలు చూసుకునే ఆడపడుచుకు పంపిందనుకుందాం. ఒకటినుంచి తొమ్మిది వరకూ అంకె, చుక్క, ఖాళీ కలిసి మూడు స్థానాలు. అంచేత ఉపాంశాలకు మూడు ఖాళీలు వదిలింది, అన్నీ చక్కగా కుదిరాయి. పదో అంశం "జ్వరం వస్తేనే" అని. దాని కింద, అలవాటు ప్రకారం మూడే ఖాళీలు వదిలి, చిన్న గీత పెట్టి, "ఆరు గంటలకోసారి ఒక మాత్ర" అని వ్రాసింది. పదికి రెండంకెలు కదా! ఇప్పుడు నాలుగు స్థానాలు కావాలి. ఒక్క ఖాళీ తక్కువైనందుకు ఆ గీత "జ్వరం వస్తేనే" చేతిలోంచి జారి, ఎవరికీ చెందని వేరే జాబితాగా ఎడమ అంచుకు వచ్చి నిలబడుతుంది. జ్వరం ఉన్నా లేకపోయినా ఆరు గంటలకోసారి ఒక మాత్ర! కోడలు వ్రాసిన కాగితంలో ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పు ఉన్నదల్లా ఖాళీలో. ఖాళీని ఎవరు ప్రూఫు దిద్దుతారు చెప్పండి?

హెచ్‌టీఎంఎల్‌ను నేనూ విసుక్కున్నాను గాని, ఈ ఒక్క విషయంలో దానిదే పైచేయి. అక్కడ లోపలి జాబితా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తులు నోరు విప్పి చెప్తాయి. ఎంత లోపలికి జరిపినా, జరపకపోయినా అర్థం చెడదు.

కనబడని గుర్తు మీద అర్థాన్ని నిలబెడితే ఏమవుతుందో పాణిని గ్రంథమే సాక్ష్యం. ఎనిమిది అధ్యాయాలు, ముప్ఫయిరెండు పాదాలు, సుమారు నాలుగువేల సూత్రాలు. నోటితో చెప్పుకునే శాస్త్రంలో లోపలికి జరపడమనేది లేదు. ఒక సూత్రం తర్వాతి సూత్రాల మీద పెత్తనం చేయాలంటే దానికి అధికార సూత్రమని పేరు. దాన్ని పలికేటప్పుడు స్వరితమనే స్వరంతో పలకాలని ఆయన ఏర్పాటు. తరాలు గడిచేసరికి గ్రంథం మిగిలింది, స్వరాలు పోయాయి. ఏ అధికారం ఎంతవరకు సాగుతుందో ఇప్పుడు వ్యాఖ్యాతలు చెప్తేనే మనకు తెలుస్తుంది. పాణినికి పతంజలివంటి భాష్యకారుడు దొరికాడు. కోడలి మందుల చీటీకి భాష్యం ఎవరు వ్రాస్తారు?

ఈ లోపం మెక్‌ఫార్లేన్‌గారికీ తెలిసినట్టే ఉంది. 2022లో ఆయన జాట్ అనే మరో పద్ధతి తెచ్చారు. అందులో ఉపాంశం పై అంశపు గుర్తుకంటే ఏ కాస్త లోపలికి జరిగినా చాలు, పైన ఒక వరుస వదలాలి, అంతే. ఖాళీలు లెక్కపెట్టే బాధ తగ్గింది. ఐనా పెత్తనం ఖాళీదే.

మొత్తం మీద నా అభిప్రాయం ఇది. గుర్తుల విషయంలో మార్క్‌డౌన్ నిజాయితీగల పద్ధతి. చిక్కు తెచ్చినా, కనబడే విరుగుడు చేతికిచ్చింది. జాబితాల విషయంలో మాత్రం అది అందాన్ని నమ్ముకుని అర్థాన్ని పందెం కాసింది. సరుకుల చీటీకి ఆ పందెం ఫరవాలేదు. మందుల చీటీకి పనికిరాదు.

పద్ధతి మారేలోగా వ్రాసేవాళ్లం మనం చేయగలిగింది ఒకటుంది. కింది వాక్యాన్ని పై వాక్యం మీద పూర్తిగా ఆనించకండి. "ఆరు గంటలకోసారి ఒక మాత్ర" అని కాక, "జ్వరం వస్తేనే ఆరు గంటలకోసారి ఒక మాత్ర" అని ఉపాంశంలోనే మళ్లీ చెప్పండి. అలంకార శాస్త్రంలో పునరుక్తి దోషమేమో గాని ఇక్కడ అది గుణం. వాక్యం తన చోటినుంచి జారిపోయినా అబద్ధం చెప్పకూడదు. రోగి మంచం దగ్గర చదివే వాక్యమైతే అసలే చెప్పకూడదు.