చింతపల్లి సీటూ, గిరి గారి 565 ఓట్లూ

సీట్లు పెరుగుతాయన్న మాట మళ్లీ ఊపందుకుంది. జనగణన పూర్తయితే పునర్విభజన, పునర్విభజన జరిగితే రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో రాసిపెట్టినట్టు మన 175 కాస్తా 225, అప్పుడు రద్దయిపోయిన చింతపల్లి నియోజకవర్గం మళ్లీ లేచి కూర్చుంటుంది. మన్యంలో టికెట్ ఆశ ఉన్న ఎవరిని కదిపినా ఈ లెక్కే చెబుతారు. ఆశకు నేనేమీ అనను. ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఆ ఆశతో పాటు ఊరేగుతున్న పట్టికలు. ‘చింతపల్లి (ఎస్టీ), 2009 ఎన్నికలతో రద్దు’ అని పైన ఒక ముక్క, కింద గెలిచినవాళ్ల పేర్లు, పార్టీలు, మెజారిటీలు. నియోజకవర్గం చరిత్ర అంటే ఇంతేనన్నట్టు. ఎవరు గెలిచారో చెప్పే పట్టిక, ఏ నియమం కింద గెలిచారో చెప్పదు. గీత ఎవరు గీశారు, ఓటరు చేతికి ఎన్ని ఓట్లిచ్చారు, ఎవరిని ఏ సీటుకు మాత్రమే పరిమితం చేశారు అన్న సంగతులు ఏ గడిలోనూ ఉండవు. అసలు కథ ఉన్నది అక్కడే.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పాట కంఠతా వచ్చే ఉంటుంది. కొండ మీది నియోజకవర్గాన్ని జనాభా లెక్కతో మాత్రమే కొలవకూడదని, ఎమ్మెల్యేని కలవడానికి పొద్దున్నే బయల్దేరినవాడు చీకటి పడేలోగా తన గూడేనికి చేరగలగాలని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ పాట ప్రకారం 2008 నాటి పునర్విభజన గూడెం కొత్తవీధికి చేసింది అన్యాయమే. కుల్దీప్ సింగ్ కమిషన్ గీసిన కొత్త పటంలో గూడెం కొత్తవీధి, చింతపల్లి, కొయ్యూరు మండలాలు పోయి పాడేరు, జి.మాడుగులతో కలిశాయి. ఒడిశా సరిహద్దున సీలేరు దగ్గర ఉండేవాడికీ జి.మాడుగుల లోపలి గూడెంలో ఉండేవాడికీ ఒకే ఎమ్మెల్యే. పార్లమెంటు సీటు సంగతైతే అంతకు ముందునుంచీ వింతే. భద్రాచలం లోక్‌సభ స్థానంలో చింతపల్లి ఒక ముక్కగా ఉన్నన్నాళ్లూ ఈ కొండల ఎంపీ సీటుకు పేరు ఎక్కడో గోదావరి ఒడ్డున ఉన్న ఊరిది. ఆ సీటు పోయి అరకు వచ్చింది. అది పాలకొండ నుంచి రంపచోడవరం దాకా, అప్పటి నాలుగు జిల్లాల కొండ అంచును కలుపుకుంటూ పోయింది. ఇంతవరకూ నా పాటకు తాళం బాగానే కుదిరింది.

అయితే ఫలితాలను దగ్గర పెట్టుకుని చూస్తే తాళం తప్పుతుంది. చింతపల్లిని కలిపేసుకున్న పాడేరులో 2009లో గెలిచిందెవరు? 1989లో చింతపల్లి నుంచే అసెంబ్లీకి వెళ్లిన పసుపులేటి బాలరాజు. ఆయన గిరిజన సంక్షేమ మంత్రి కూడా అయ్యారు. 1994లోనూ 2004లోనూ చింతపల్లిలో ఎర్రజెండా ఎగరేసిన సీపీఐ నాయకుడు గొడ్డేటి దేముడు కూతురు మాధవి, 2019లో అరకు నుంచి లోక్‌సభకు వెళ్లారు. వాళ్లది కొయ్యూరు మండలం. ఆమె ఓడించింది కురుపాం జమీందారీ కుటుంబానికి చెందిన మాజీ కేంద్రమంత్రి కిశోర్ చంద్రదేవ్‌ను. 2024 మరీ విడ్డూరం. రాష్ట్రమంతా కూటమి గాలి, వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కినవి 175లో 11. ఆ పదకొండులో రెండు పాడేరు, అరకు. అరకు లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లలో అయిదు కూటమికి పోయినా, ఎంపీ సీటు మాత్రం 50 వేలు దాటిన మెజారిటీతో వైఎస్సార్ కాంగ్రెస్‌దే అయింది. మైదానం ఎటు వీచితే అటు వాలే మనుషులు కారు వీళ్లు. పోలింగ్ సాయంత్రం 4 గంటలకే ముగిసిపోయే చోట ఓటేసి ఇంత తేడా చూపించారు. నియోజకవర్గం పేరు పోయినంత మాత్రాన చింతపల్లి వైపు గొంతు పోలేదని, ఇష్టమున్నా లేకపోయినా, ఒప్పుకోక తప్పదు. దూరం బాధ నిజమే. దానికి మందు ఎమ్మెల్యే కన్నా రోడ్డు, తహసిల్దారు కార్యాలయం.

మరి కొండలు పోగొట్టుకున్నదేమీ లేదా? ఉంది. పోగొట్టుకున్న ఏడాది వేరు. 1952, 1957 ఎన్నికల్లో దేశంలో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. ఒకే నియోజకవర్గం, ఇద్దరు సభ్యులు, అందులో ఒక సీటు ఎస్సీకో ఎస్టీకో కేటాయింపు. ఓటరుకు రెండు ఓట్లు. అప్పట్లో బ్యాలెట్ పత్రం మీద ముద్ర వేయడం ఉండేది కాదు, అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. రెండు చీటీలూ ఒకే మనిషికి వేస్తే ఒక్కటే లెక్కకొస్తుంది, రెండోది చెల్లదు. 1952లో విశాఖపట్నం ద్విసభ్య స్థానం నుంచి గెలిచిన ఇద్దరూ ఇండిపెండెంట్లే. ఒకరు లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. ఆ పేరు మన పాఠకులకు పరిచయం చేయనక్కర్లేదు. గాం గంటందొర తమ్ముడు, అల్లూరి సీతారామరాజు దళంలో పనిచేసి పట్టుబడి అండమాన్ చూసినవాడు. ఏ సర్కారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద 1922 ఆగస్టులో ఆ దళం వరసగా విరుచుకుపడిందో, ఆ సర్కారు వెళ్లిపోయిన అయిదేళ్లలోపే ఆయన ఢిల్లీలో సభ్యుడు. ఏ పార్టీ బీఫారం లేకుండా, మైదానం ఓటు కూడా కలిసిన నియోజకవర్గం నుంచి.

అసలు మలుపు 1957లో పార్వతీపురంలో వచ్చింది. నలుగురు అభ్యర్థులు, రెండు సీట్లు, ఒకటి ఎస్టీకి. కాంగ్రెస్ తరఫున జనరల్ సీటుకు నిలబడ్డది సాక్షాత్తూ వి.వి.గిరి. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల విషయంలో మాట పడక 1954లో రాజీనామా చేసిన పెద్దమనిషి, తరవాతి కాలంలో రాష్ట్రపతి. లెక్కపెడితే బిడ్డిక సత్యనారాయణకు 1,26,792 ఓట్లు, దిప్పల సూరిదొరకు 1,24,604, గిరి గారికి 1,24,039, నాలుగో అభ్యర్థి కృష్ణమూర్తి నాయుడికి 1,18,968. మొదటి ఇద్దరూ గిరిజనులు. నియమం ఏమంటే, ముందు గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారికి కేటాయించిన సీటు ఇవ్వాలి. తరవాత మిగిలినవాళ్లందరిలో, కులం తెగ చూడకుండా, ఎక్కువ వచ్చినవారికి రెండో సీటు. సత్యనారాయణ మొదటి సీటు తీసుకున్నారు. మిగిలిన ముగ్గురిలో సూరిదొరే ముందున్నారు. 565 ఓట్ల తేడాతో గిరి గారు బయట. గిరి గారు కోర్టుకెక్కారు. ఎస్టీగా ప్రకటించుకుని నామినేషన్ వేసినవాడు ఎస్టీ సీటుకే పరిమితం కావాలి గానీ జనరల్ సీటు ఎలా తీసుకుంటాడన్నది ఒక వాదన. రెండోది ఇంకా ఆసక్తికరం: సూరిదొర అసలు మూకదొర తెగవాడిగా మిగల్లేదు, వాళ్ల కుటుంబం క్షత్రియాచారాలు పట్టింది, కాబట్టి ఆయన ఎస్టీయే కాడు అని. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో న్యాయమూర్తుల్లో ఎక్కువమంది రెండు వాదనలూ తోసిపుచ్చారు. రిజర్వుడు సీటు కోరినంత మాత్రాన జనరల్ సీటు మీద హక్కు పోదన్నారు. గమనించండి, తెగ మనిషి తనకు గీసిన గీత లోపల గెలిస్తే అతని తెగను ఎవరూ ప్రశ్నించరు. గీత దాటి గెలిస్తేనే నువ్వసలు గిరిజనుడివేనా అన్న ప్రశ్న పుడుతుంది.

తీర్పు వచ్చిన రెండేళ్లకు, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం వచ్చింది. పార్వతీపురం వల్లే వచ్చిందని నేననను. అంత పెద్ద నియోజకవర్గాల్లో అభ్యర్థి తిరగలేడు, ఖర్చు తట్టుకోలేడు అన్న కారణాలు పైకి చెప్పుకోదగ్గవే, అందులో నిజమూ ఉంది. కానీ ఫలితం చూడండి. ఒక ముక్క రిజర్వుడు, ఒక ముక్క జనరల్ అని కోసేశాక, సూరిదొర లాంటి గెలుపుకు ఉన్న ఒక్క తలుపూ మూసుకుంది. ఇలాంటిది ప్రపంచంలో ఇదే మొదలు కాదు. ఐర్లండ్‌లో ఒక్కో కౌంటీకి ఇద్దరు సభ్యులుండే రోజుల్లో, 1828లో క్లేర్ కౌంటీ ఉపఎన్నికలో డేనియల్ ఓకనెల్ 982కి 2,057 ఓట్లతో గెలిచాడు. కాథలిక్కు కాబట్టి సభలో కూర్చోవడానికి అడ్డంకి. దిగివచ్చిన ప్రభుత్వం 1829లో కాథలిక్కులకు పార్లమెంటు తలుపు తెరిచింది. అదే ఏడాది, ఆయన్ను గెలిపించిన 40 షిల్లింగుల భూమి గల చిన్న రైతుల ఓటు పీకేసింది. కౌంటీల్లో 2 లక్షలు దాటి ఉన్న ఓటర్లు 40 వేలలోపుకు పడిపోయారు. గెలిచినవాడికి కుర్చీ వేసి, గెలిపించినవాళ్ల చేతిలోది లాక్కోవడమన్నమాట. 1885లో క్లేర్‌నూ తూర్పు, పడమరగా కోశారు. అక్కడ బేరం బాహాటంగా జరిగింది, ఇక్కడ బేరమే లేదు, ఆ తేడా ఒప్పుకుంటాను. గెలుపు వచ్చిన దారి ఆ తరవాత మిగల్లేదన్నది మాత్రం రెండు చోట్లా ఒకటే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ద్విసభ్య స్థానాల్లో మైదానం ఓటర్లదే పైచేయి కదా, కొండకు ఎవరు ప్రతినిధో వాళ్లే నిర్ణయించేవారు కదా, వాళ్లకు వంగి ఉండేవాడే గెలిచేవాడు కదా అంటారు. అంబేడ్కర్ వాదించిన ప్రత్యేక నియోజకవర్గాల వెనకున్న భయం సరిగ్గా ఇదే, తేలిగ్గా తీసిపారేసేది కాదు. కానీ మల్లుదొరను వంగినవాడని ఎవరంటారు? అల్లూరి పేరు మహిమ అంటే అనండి, ఆ పేరు మైదానం ఓటరు దగ్గరా చెల్లిందన్నమాట. పార్వతీపురంలోనైతే మొదటి నుంచి చివరి వరకు నలుగురి మధ్య తేడా 8 వేల లోపే, అంటే మైదానం ఓటు కట్టకట్టి ఒకవైపు పడలేదు. ఇంకో అభ్యంతరం నా మీద నేనే వేసుకోవాలి. ఇప్పటి ఏకసభ్య రిజర్వుడు సీటు ఇచ్చిన భద్రత చిన్నది కాదు. ఇద్దరు గిరిజనులు కాదు కదా, పోటీ అంతా గిరిజనుల మధ్యే. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీ లోక్‌సభ సీట్లు 2 నుంచి 3కు, అసెంబ్లీ సీట్లు 15 నుంచి 19కి పెరిగాయి. ద్విసభ్య పద్ధతి తిరిగి తెస్తే ఆ భద్రత పలచబడుతుంది. అందుకే దాన్ని తిరిగి తెమ్మని అడగబోను. రిజర్వేషన్‌ను నేల అనుకుని ఇచ్చారు, పార్టీలు దాన్ని పైకప్పుగా మార్చుకున్నాయి. చట్టం ఎక్కడా గిరిజనుణ్ణి జనరల్ సీటులో నిలబడొద్దని అనలేదు. బీఫారం ఇచ్చే చేతులే అంటున్నాయి.

కాబట్టి 225 వస్తే చింతపల్లి రావాలని గొంతు చించుకునే పని నాకిప్పుడు అంత ముఖ్యంగా కనిపించడం లేదు. వస్తే మంచిదే, సీలేరు వాడికి ప్రయాణం తగ్గుతుంది. నేను చూడాలనుకునేది ఘాట్ దిగాక ఉన్న నర్సీపట్నం. అది జనరల్ సీటు. దాని పరిధిలోని గొలుగొండ, నాతవరం మండలాల కొండవార గిరిజన గ్రామాలు అయిదో షెడ్యూల్‌లో చేరలేదు, చేర్చమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. షెడ్యూల్ బయట ఉన్నందుకు వాళ్లకు భూమి రక్షణ చట్టం లేదు, జనరల్ సీటులో ఉన్నందుకు తమ ఎమ్మెల్యే లేడు. అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఆ గొలుగొండ మండలంలోనిదే. నర్సీపట్నంలోనో, చోడవరంలోనో, మాడుగులలోనో ఒక ఆదివాసికి ఏదైనా పెద్ద పార్టీ టికెట్ ఇచ్చిన రోజున, ఓడినా సరే, ఎన్ని ఓట్ల తేడాతో ఓడాడో ఈ కాలమ్‌లో అంకెతో సహా రాస్తాను.