వైఫై రాలేదని వెనక్కి వెళ్లకండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో తరంతోనే మొదలవుతుంది. అంతకు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు బందరులో, గుడివాడలో, దివిసీమ ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్నాయి. అన్న బీటెక్‌లో వాడినదాన్నే తమ్ముడు డిగ్రీకి వాడుకుంటాడు. తెర బాగుంటుంది, కీబోర్డు బాగుంటుంది. అలాంటిదాన్ని పాత ఇనుప సామాన్ల కింద తూకానికి వేయడానికి నాకు మనసొప్పదు. లైనక్స్ వేస్తే అది ఇంకొన్నేళ్లు చక్కగా పనిచేస్తుంది.

ఎక్కించడం ఇప్పుడు అరగంట పని. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. వైఫై రాదు, టచ్‌ప్యాడ్ కదలదు, తెర వెలుతురు తగ్గదు, మూత వేసి తీస్తే మళ్లీ లేవదు. చాలామంది ఇక్కడే విసిగిపోతారు. నాగాయలంక నుంచి ఓ డిగ్రీ విద్యార్థి ఫోన్ చేసి, “అంకుల్, లైనక్స్ వేశానండీ, వైఫై గుర్తే కనబడట్లేదు. మళ్లీ విండోసే వేయించేయమంటారా?” అన్నాడు. “వద్దు బాబూ, ముందు ఆ వైఫై కార్డు ఏ కంపెనీదో చూడు” అన్నాను.

శివారు పొలానికి నీళ్లు రాకపోతే మన రైతు కాలువ వెంట పైకి నడుస్తాడు. బోదె, తూము, పెద్ద కాలువ, అవసరమైతే పులిగడ్డ అక్విడెక్టు దాకా వెళ్లి, నీరు ఎక్కడ ఆగిందో కళ్లారా చూస్తాడు. ల్యాప్‌టాప్ దగ్గరా ఆ ఓపికే కావాలి. కార్డు ఉందా? దానికి డ్రైవర్ దొరికిందా? ఫర్మ్‌వేర్ ఎక్కిందా? ఎవరైనా స్విచ్ కట్టేశారా? ఈ వరస తప్పకుండా చూసుకుంటూ వెళితే లోపం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ ఆదేశాన్ని ‘ఎన్‌ఎన్‌కే’ గుర్తుతో ఇస్తే లోపలున్న ప్రతి కార్డు పేరూ, నంబరూ వస్తాయి. ఇంటెల్ కార్డయితే నంబరు 8086తో మొదలవుతుంది. కింద ఏ డ్రైవర్ వాడుతోందో చెప్పే వరుస లేకపోతే డ్రైవర్ జత కాలేదన్నమాట. డ్రైవర్ ఉండీ పనిచేయకపోతే కెర్నెల్ చిట్టా ‘డీమెసేజ్’ చూడాలి. ఏ ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదో అందులో పేరుతో సహా ఉంటుంది. ‘ఆర్‌ఎఫ్‌కిల్’ అయితే వైఫైని స్విచ్ ఆపిందా, సాఫ్ట్‌వేర్ ఆపిందా అన్నది విడదీసి చెబుతుంది.

డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుకు విరుగుడు జేబులోనే ఉంది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, దాదాపు ప్రతి లైనక్స్ దాన్ని వెంటనే గుర్తుపడుతుంది. వైఫై డ్రైవర్‌ను ఫోన్ డేటాతోనే తెచ్చుకోవచ్చు.

బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ కార్డుల్లో కొన్నింటితో ఎక్కువ ఓపిక పట్టాలి. చిప్‌లోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేర్‌ను తయారీ కంపెనీయే ఇవ్వాలి, దాని మూలం మన చేతికి రాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రానికి కట్టుబడిన డెబియన్ అనే లైనక్స్ రకం ఏళ్ల తరబడి అలాంటి ఫైళ్లను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో డెవలపర్లు ఓటు వేసి ఆ నియమం మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి ఇన్‌స్టాలర్‌తోనే వస్తున్నాయి. సూత్రం మీద నాకు గౌరవం ఉంది. అయినా పల్లెటూరి పిల్లవాడి చేతిలో మిషను పనిచేయడం ముందు కావాలి కాబట్టి ఆ నిర్ణయం సరైనదే అంటాను.

సెక్యూర్ బూట్ ఉన్న మిషన్లలో ఇంకో మెలిక ఉంది. బయటి డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వచ్చి ఆ డ్రైవర్ తాళంచెవిని (కీ) నమోదు చేయమని అడుగుతుంది. కంగారులో ‘కంటిన్యూ’ నొక్కేస్తే డ్రైవర్ ఉన్నా కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. అక్కడ నిదానంగా చదివి, నమోదు చేసి, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి.

మన సముద్రతీరంలో మరో సంగతీ మరవకూడదు. ఉప్పుగాలికి, చెమ్మకు లోపలి లోహపు అంచులు చిలుము పడతాయి. ఎల్‌ఎస్‌పీసీఐ జాబితాలో కార్డు అసలే కనబడకపోతే తప్పు లైనక్స్‌ది కాకపోవచ్చు. పవర్ తీసి, బ్యాటరీ విప్పి, కార్డును బయటికి లాగి, అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ బిగించి చూడాలి. చేతకాకపోతే రిపేరు తెలిసినవారికి ఇవ్వాలి. యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనడం ఆ తర్వాతి మాట.

అన్నీ పలికాక ఒక పని మిగులుతుంది, తెలుగు. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అమరిక అక్కడే ఉంటుంది. సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చిన ఖతుల్లో ‘మండలి’, ‘ఎన్టీఆర్’ ఉన్నాయి. ఒకటి దివిసీమకు చెందిన మండలి వెంకట కృష్ణారావు పేరున, ఇంకొకటి గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన రామారావు పేరున వచ్చాయి. మన ప్రాంతపు పేర్లున్న అక్షరాలు తెరమీద చక్కగా కనబడినప్పుడే నా దృష్టిలో ఆ మిషను పూర్తిగా బాగుపడినట్టు.

చదువరులకు రెండు మాటలు. లైనక్స్ వేసే ముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, ధ్వని, టచ్‌ప్యాడ్, కెమెరా చూసుకోండి. ఏదైనా సరిచేశాక ల్యాప్‌టాప్ మోడల్, కార్డు నంబరు, చేసిన పని ఒక కాగితం మీద రాసి కాలేజీ ల్యాబ్‌లోనో, ఊరి గ్రంథాలయంలోనో పెట్టండి. మీ తర్వాత అదే మోడల్ పట్టుకొచ్చేవారికి ఆ కాగితమే సగం పని చేసిపెడుతుంది.